రొయ్య ముట్టని ఒంట్లో రొయ్య మీద పగ

*పరుపులో దుమ్ముపురుగు, వంటింట్లో బొద్దింక, పళ్లెంలో రొయ్య. మూడింటి కండలోనూ దాదాపు ఒకటే ప్రోటీన్. ఆ పోలిక కొందరికి ప్రాణం మీదికి తెస్తోంది. చాలామంది చేత మాత్రం పడే తిండిని కూడా మాన్పిస్తోంది.*

మోచేతి నుంచి మణికట్టు దాకా నీలం పెన్నుతో గీతలు గీసి, ఒక్కో గీత పక్కన ఒక్కో చుక్క మందు వేశారు. నర్సు ప్రతి చుక్క మీదా సన్నటి సూదిమొన ఆనించి తీసేసింది. రక్తం రాదు. చీమ కుట్టినంత నొప్పి. అసలు కష్టం ఆ తర్వాతే. పావుగంటో ఇరవై నిమిషాలో, ఎంత దురద పుట్టినా గోక్కోకుండా కూర్చోవాలి.

కుర్చీలో ఉన్నది రిటైరైన లెక్కల మాస్టారు. తెల్లారి లేచి దుప్పటి దులిపితే చాలు, ఆగకుండా తుమ్ములు. దుమ్ముపురుగు (డస్ట్ మైట్) చుక్క దగ్గర దద్దురు పొంగింది. అది అనుకున్నదే. బొద్దింక దగ్గర ఇంకోటి, కాస్త చిన్నది. మూడోది చూశాక మాస్టారికి కోపం వచ్చింది. ఆ గీత పక్కన రాసి ఉన్నది ‘రొయ్య’.

“డాక్టర్ గారూ, మా ఇంట్లో కోడిగుడ్డు కూడా గడప దాటదండీ. చుక్కలు తారుమారైనట్టున్నాయి.”

“తారుమారు కాలేదు మాస్టారూ. మీరు రొయ్య తినలేదు, నిజమే. దాని చుట్టాన్ని మాత్రం ఇన్నాళ్లుగా పీలుస్తున్నారు.”

ఈ మాస్టారు కల్పితమే గానీ ఆ మూడో దద్దురు కల్పితం కాదు. 2003లో అలర్జీ పరిశోధకులు అచ్చం ఇలాంటి మనుషుల్నే వెతికి పట్టుకున్నారు. నిష్ఠగా ఆచారం పాటించే యూదులు వాళ్లు. పొలుసులూ ఈదే రెక్కలూ లేని జలచరాలు ఆ మతంలో నిషిద్ధం కాబట్టి రొయ్యని జన్మలో నోట పెట్టలేదు. డస్ట్ మైట్ అలర్జీ మాత్రం ఉంది. వాళ్ల రక్తంలో చూస్తే రొయ్య ప్రోటీన్‌ని పట్టుకునే యాంటీబాడీలు సిద్ధంగా ఉన్నాయి. నోటికి తెలియని శత్రువు ఒంటికి ఎలా తెలిసింది?

మన రొయ్య మనమే తినాలంటే

ఈ ప్రశ్న ఇప్పుడు మనకెందుకంటే, రొయ్య మన రాజకీయాల్లోకీ వచ్చేసింది. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకు మీద సుంకాన్ని 50 శాతానికి చేర్చగానే భీమవరం నుంచి నెల్లూరు దాకా చెరువు గట్ల మీద గుండె జారింది. దేశంలో రొయ్యల సాగుకు ఆంధ్రాయే పెద్ద దిక్కు. పంటలో ఎక్కువ భాగం ఓడెక్కేదే. ఆ దెబ్బతో ‘ఇక్కడే తినిపిద్దాం, కోడిగుడ్డులా రొయ్యనీ ఇంటింటికీ చేరుద్దాం’ అన్న మాట గట్టిగా వినబడింది. మంచి మాటే. కానీ ఏ విందులోనైనా రొయ్యల వేపుడు గిన్నె దగ్గరికి రాగానే చెయ్యి అడ్డం పెట్టేవాళ్లు ఒకరిద్దరుంటారు. “మనకి పడదండీ” అంటారు. ఎలా తెలిసిందని అడిగితే ఒకరు మూతి వాచిన రోజు గురించి చెబుతారు. ఇంకొకరు ల్యాబ్ రిపోర్టు గురించి చెబుతారు. ఈ ఇద్దరూ ఒకటి కాదు. ఈ కథనమంతా ఆ తేడా గురించే.

బెంగళూరులో దొరికిన దొంగ

రొయ్యలో ఏది పడదో కనిపెట్టడంలో మన దేశపు ల్యాబ్ ఒకటి ముందు వరసలో ఉందన్న సంగతి చాలామందికి తెలియదు. బెంగళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో పి.వి.సుబ్బారావు బృందం పని చేసింది మన తీరంలో దొరికే తెల్ల రొయ్య మీద. శాస్త్రనామం పీనియస్ ఇండికస్. అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల్లోని డీన్ మెట్‌కాఫ్ వాళ్లతో కలిశారు. 1989లో వాళ్లు మొదట తేల్చింది వంటింటికి సంబంధించిన సంగతి: రొయ్యలోని అలర్జీ కారకం ఉడికించినా చావదు. ఉడికిన నీళ్లలోకి కూడా దిగుతుంది. కాబట్టి పడనివాళ్లకి ముక్క తీసేసి పులుసు పోసినా లాభం లేదు.

నాలుగేళ్ల తర్వాత, 1993లో, ఆ ప్రోటీన్‌ని ముక్కలు చేసి ఒక్కో ముక్కలో అమైనో ఆమ్లాల వరస చదివారు. ఆ వరసలు ఇంకెక్కడైనా ఉన్నాయా అని పోల్చి చూస్తే, సరిపోయింది పండ్ల మీద ముసిరే చిన్న ఈగ కండలోని ట్రోపోమయోసిన్‌తో! రొయ్య మీద పెట్టిన కేసులో ఈగ సాక్ష్యం చెప్పింది. అలా దొరికిన అలర్జీ కారకానికి ‘పెన్ ఐ 1’ అని పేరు పెట్టారు.

ట్రోపోమయోసిన్ చేసే పని మామూలుదే. కండ ఎప్పుడు బిగియాలో, ఎప్పుడు వదలాలో చూసుకునే ప్రోటీన్ ఇది. రొయ్యలో 284 అమైనో ఆమ్లాల గొలుసు. అలాంటివి రెండు పెనవేసుకుని ఉంటాయి. కదిలే జీవులన్నిటికీ ఇది కావాల్సిందే కాబట్టి కోట్ల ఏళ్లలో ప్రకృతి దీన్ని పెద్దగా మార్చలేదు. రొయ్య, పీత, బొద్దింక, డస్ట్ మైట్ అన్నీ కీళ్లకాళ్ల జీవులే. రొయ్య గొలుసునీ మైట్ గొలుసునీ పక్కపక్కన పెడితే నూటికి ఎనభై దాకా కలిసిపోతాయి.

మన ఒంట్లో అలర్జీకి కారణమయ్యే యాంటీబాడీ పేరు ఐజీఈ. ఇది ప్రోటీన్ మొత్తాన్ని చూడదు. ఎక్కడో కొద్ది అమైనో ఆమ్లాలున్న ఒక చిన్న చోటుని పట్టుకుంటుంది. రొయ్య ట్రోపోమయోసిన్‌లో అలాంటి పట్టు దొరికే ప్రాంతాలు ముఖ్యంగా ఐదున్నాయని 2002లో లెక్క తేల్చారు. ఆ చోట్లే మైట్‌లోనూ ఉంటే, మైట్ మీద తయారైన ఐజీఈ రొయ్యనీ వదలదు. కోస్తా ఉక్కపోతలో, తేమ పట్టిన పరుపుల్లో, ఏళ్ల తరబడి ఉతకని దిండ్లలో మైట్‌లకి కావాల్సినంత చోటు. మాస్టారి ముక్కు ద్వారా ఒంటికి పాఠం అక్కడే మొదలైంది.

పెట్టెలో ముచ్చట: పేర్ల వెనక లెక్క

*అలర్జీ కారకాల పేర్లు మంత్రాల్లా ఉంటాయి గానీ గుట్టు చిన్నదే. జీవి శాస్త్రనామంలో మొదటి మాట నుంచి మూడక్షరాలు, రెండో మాట నుంచి ఒకటి, చివర ఓ అంకె. పీనియస్ ఇండికస్ రొయ్యది ‘పెన్ ఐ 1’. టైగర్ రొయ్యది ‘పెన్ ఎం 1’. ఇంట్లో తిరిగే పెద్ద బొద్దింకది ‘పెర్ ఎ 7’. డస్ట్ మైట్‌ది ‘డెర్ పి 10’. అంకెలు వేరైనా నాలుగూ ట్రోపోమయోసిన్‌లే.*

మరి మటన్ ఎందుకు పడుతోంది?

మేకకీ కోడికీ కండ లేదా? వాటికీ ట్రోపోమయోసిన్ ఉంది. రొయ్యతో సగానికి పైగానే కలుస్తుంది. కానీ మన ట్రోపోమయోసిన్‌కి అది ఇంకా దగ్గర. తనదనుకున్న దాని మీద ఒళ్లు సాధారణంగా చెయ్యెత్తదు. అందుకే రొయ్య అలర్జీ ఉన్నవాళ్లు మటన్ బిర్యానీ నిశ్చింతగా తింటారు.

చేప కథ వేరు. చేప అలర్జీకి అసలు దోషి పార్వాల్బుమిన్ అనే ఇంకో ప్రోటీన్. రొయ్యకీ చేపకీ నీళ్లలో ఉండటం తప్ప ఈ విషయంలో పెద్ద సంబంధం లేదు. అయినా మన ఇళ్లలో రొయ్య పడదని తెలిసిన మర్నాటి నుంచి పులస, బొచ్చె, కొర్రమీను అన్నీ బంద్. పీత మాత్రం ‘అది వేరే కదా’ అని తినేస్తారు. నిజం దీనికి సరిగ్గా తలకిందులు. రొయ్య పడనివాళ్లు జాగ్రత్త పడాల్సింది పీతతో. చేప సంగతి విడిగా చూసుకోవచ్చు.

పోలిక ఉన్నా వంటతో చల్లబడేవీ ఉన్నాయి. యూరప్‌లో బర్చ్ చెట్టు పుప్పొడి పడనివాళ్లకి పచ్చి ఆపిల్ కొరికితే నోరు దురద పెడుతుంది. అదే ఆపిల్‌ని ఉడికిస్తే ఏమీ కాదు, ఆ ప్రోటీన్ వేడికి చెదిరిపోతుంది కాబట్టి. మనకి బర్చ్ లేదు గానీ సర్కారు తుమ్మ ఉంది. చెరువు గట్టు, రైలు పట్టాల పక్క, బీడు భూమి... అది లేని చోటేది? దాని పుప్పొడిలోని ప్రోటీన్లకీ తినే లిమా బీన్స్‌లోని ప్రోటీన్లకీ పోలిక ఉందని ఢిల్లీ శాస్త్రవేత్తలు 2007లో చూపించారు.

ఇరవై రెండు మందిలో ఒక్కరు

ఇక్కడి నుంచి కథ ల్యాబ్ రిపోర్టుల మీదికి. ‘ఫుడ్ అలర్జీ ప్యానెల్’ పేరుతో ఒక్క సీసా రక్తానికి వంద పైచిలుకు తిండిపదార్థాల పట్టిక చేతికిస్తున్నారు. వంకాయ, శనగపప్పు, గోధుమ, పాలు, ఆవాలు... ఎర్రక్షరాల్లో ‘పాజిటివ్’. ఆ కాగితం ఫ్రిజ్ తలుపుకి అంటించుకుని పిల్లాడి పళ్లెంలోంచి ఒక్కోటీ తీసేసే తల్లులున్నారు.

ఆ కాగితం ఎంతవరకు నిజం? బెంగళూరు, మైసూరుల్లో పెద్దవాళ్ల మీద జరిపిన సర్వే ఒకటి 2016లో వచ్చింది. యూరోప్రివాల్ అనే అంతర్జాతీయ అధ్యయనంలో అది భాగం. పరీక్షించిన వాళ్లలో 26.5 శాతం మంది రక్తంలో ఏదో ఒక తిండి మీద ఐజీఈ కనబడింది. తిన్నాక నిజంగా లక్షణాలు కూడా ఉండి, ‘బహుశా ఇది అలర్జీయే’ అని లెక్కకొచ్చిన వాళ్లు 1.2 శాతం. అంటే రిపోర్టు చూసి తిండి మానేస్తే దాదాపు ప్రతి ఇరవై రెండు మందిలో ఇరవై ఒక్కరు ఉత్త పుణ్యానికి మానేసినట్టు.

మిగతా పాజిటివ్‌లు ఎక్కడివి? చాలావరకు పోలికలే. పుప్పొడి, మైట్, బొద్దింక, కడుపులో పురుగులు... ఇన్నిటితో ఒకే గాలి, ఒకే నేల పంచుకుంటున్న దేశంలో ఐజీఈకి పరిచయాలు ఎక్కువ. పరీక్ష యంత్రానికి పరిచయమే కనబడుతుంది, పగ కనబడదు. ఐజీఈ కాకుండా ఐజీజీ కొలిచే ప్యానెళ్లు అమ్మేవాళ్లు ఇంకో రకం. తిన్న ప్రతిదాని మీదా ఐజీజీ ఉండటం మామూలేనని, దాన్ని బట్టి అలర్జీ తేల్చకూడదని యూరప్, అమెరికా అలర్జీ వైద్యుల సంఘాలు ఎప్పుడో చెప్పేశాయి. మనవాళ్లు ఇంకా డబ్బులు కడుతూనే ఉన్నారు.

అసలు పరీక్ష తినిపించి చూడటమే. ఆసుపత్రిలో, డాక్టరు ఎదుట, అడ్రినలిన్ సిరంజి సిద్ధంగా పెట్టుకుని, గోరంత ముక్కతో మొదలుపెట్టి కొంచెం కొంచెం పెంచుతారు. పూట పడుతుంది, ఖర్చవుతుంది, భయమేస్తుంది. ఇంట్లో సొంతంగా చేయకూడనిది కూడా.

పెట్టెలో ముచ్చట: ఒకటి పడకపోతే రెండోది?

*న్యూయార్క్ మౌంట్ సైనాయ్ ఆసుపత్రి పిల్లల వైద్యుడు స్కాట్ సిచరర్ 2001లో ఇచ్చిన అంచనాలివి. రొయ్య, పీత, లాబ్‌స్టర్లలో ఒకటి పడనివాళ్లకి ఇంకోటి కూడా పడకపోయే అవకాశం నూటికి 75. ఒక చేప పడకపోతే ఇంకో చేప: 50. వేరుశనగ వంటి ఒక పప్పుజాతి గింజ పడకపోతే ఇంకో పప్పు: కేవలం 5. ఆవుపాలు పడని పిల్లలకి మేకపాలు: 92. ‘ఆవుపాలు పడటం లేదు, మేకపాలు పట్టండి’ అని సలహా ఇచ్చే పెద్దవాళ్లు ఈ చివరి అంకె చూడాలి. పల్లీ పడని పిల్లాడికి కందిపప్పు, మినప్పప్పు మాన్పించే ముందు దాని పైన ఉన్న 5 కూడా చూడాలి.*

బొప్పాయిలో ఏలికపాము!

పోలిక చూసి బెదిరిపోవడం ఇళ్లకే పరిమితం కాదు. హవాయి దీవుల్లో పూనా అనే చోట బొప్పాయి తోటల్లోకి 1992లో రింగ్ స్పాట్ వైరస్ దిగింది. ఆకులు ముడుచుకుని, కాయల మీద ఉంగరాల్లాంటి మచ్చలు. రాయలసీమ బొప్పాయి రైతుకి ఆ వైరస్‌ని పరిచయం చేయనక్కర్లేదు. కొన్నేళ్లలో హవాయి దిగుబడి సగానికి పడిపోయింది. అదే దీవుల్లో చెరుకు తోటల మధ్య పెరిగిన శాస్త్రవేత్త డెన్నిస్ గొన్సాల్వెస్, వైరస్ పైపొర ప్రోటీన్ జన్యువునే బొప్పాయిలో చేర్చి, ఆ తెగులుని తట్టుకునే ‘రెయిన్‌బో’ రకాన్ని తయారు చేయించారు. 1998లో రైతుల చేతికి విత్తనాలు వచ్చాయి.

2002లో ఒక చిక్కు వచ్చింది. జన్యుమార్పిడి పంటల ప్రోటీన్లని అలర్జీ కారకాలతో పోల్చి చూస్తున్న డచ్ శాస్త్రవేత్తలకి ఈ వైరస్ ప్రోటీన్‌లో వరుసగా ఆరు అమైనో ఆమ్లాలు ఇంకో ప్రోటీన్‌తో కలిసినట్టు కనబడింది. ఆ ఇంకోటి ఎవరిదనుకున్నారు? మన పేగుల్లో ఉండే ఏలికపాముది. దాన్ని అలర్జీ కారకంగా అనుమానిస్తున్నారు కూడా. బొప్పాయిలో ఏలికపాము ముక్క! జనం జడుసుకోవడానికి ఆ ఒక్క వాక్యం చాలు.

ఆరు వరుసగా కలిస్తే జాగ్రత్తగా చూడాలన్నది 2001లో ఐక్యరాజ్యసమితి ఆహార, ఆరోగ్య సంస్థల నిపుణులు పెట్టిన గీతే. కానీ అమైనో ఆమ్లాలు మొత్తం ఇరవై రకాలే. ప్రోటీన్లు లక్షల్లో ఉన్నాయి. ఆరు కలవడం కాకతాళీయంగా కూడా జరిగిపోతుంది. ఇంటిపేరు కలిసినంత మాత్రాన మైల పట్టాల్సిన దాయాదులు కారుగా! అందుకే వరుసగా ఎనభై అమైనో ఆమ్లాల పొడుగున 35 శాతానికి మించి కలుస్తోందా అన్నదే ఇప్పుడు ఎక్కువగా పట్టించుకునే కొలత. గొన్సాల్వెస్ బృందం ఇంకో సంగతి కూడా ముందు పెట్టింది. తెగులు సోకిన మామూలు బొప్పాయిలో ఈ వైరస్ ప్రోటీన్ రెయిన్‌బోలో కంటే ఎక్కువ. మచ్చల కాయలు జనం ఏళ్లుగా తింటూనే ఉన్నారు. పరీక్షలన్నీ తిరగేసి చూసిన జపాన్ 2011లో రెయిన్‌బోకి తలుపు తీసింది.

అయితే ఈ జాగ్రత్తంతా చాదస్తం అనుకుంటే అదీ పొరపాటే. పశువుల దాణాకి పోషణ పెంచాలని ఒక అమెరికా కంపెనీ సోయాలో బ్రెజిల్ నట్ జన్యువు చేర్చింది. బ్రెజిల్ నట్ పడనివాళ్ల రక్తంతో పరీక్షిస్తే ఆ సోయా మీద ఐజీఈ విరుచుకుపడింది. 1996లో ఆ ఫలితం అచ్చయింది, ఆ సోయా బజారుకి రానేలేదు. అక్కడ కలిసింది ఆరు అక్షరాలు కాదు, మొత్తం ప్రోటీన్.

పెట్టెలో ముచ్చట: ప్రోటీన్ కాని పగలు

*అలర్జీ అంటే ఎప్పుడూ ప్రోటీనే అనుకోనక్కర్లేదు. అమెరికాలో లోన్ స్టార్ అనే పిడుదు కుట్టినవాళ్లకి కొందరికి పాలిచ్చే జంతువుల మాంసం పడకుండా పోతుంది. కారణం ఆల్ఫా-గాల్ అనే చక్కెర. తిన్న మూడు నుంచి ఆరు గంటల తర్వాత, అర్ధరాత్రి దద్దుర్లతో లేస్తారు. దీన్ని బయటపెట్టిన వాళ్లలో ముఖ్యుడు థామస్ ప్లాట్స్-మిల్స్. అడవిలో నడిచి పిడుదులు కుట్టించుకుని, తర్వాత గొర్రెమాంసం తిని, తానే రోగి అయ్యాడు. ఇక మామిడి సొన తగిలి మూతి పొక్కడం, జీడి నూనెకి చేతులు కాలడం ఐజీఈ పనే కాదు. చర్మాన్ని మండించే వేరే రసాయనాలవి.*

తొలకరి దీపాల దగ్గర

పురుగుల్ని తినడం ఇప్పుడు ధనిక దేశాల్లో కొత్త ఫ్యాషన్. యూరోపియన్ యూనియన్ 2021లో మీల్‌వార్మ్‌కి మొదటి అనుమతి ఇచ్చింది. తర్వాత కీచురాళ్లకీ ఇచ్చింది. 2024లో సింగపూర్ ఒకేసారి పదహారు రకాలకి ఒప్పుకుంది. యూరప్‌లో ఆ ప్యాకెట్ల మీద, రొయ్య జాతి, నత్త జాతి, డస్ట్ మైట్ పడనివాళ్లకి ఇదీ పడకపోవచ్చని ముద్రించాలి. కారణం మళ్లీ ట్రోపోమయోసినే.

మనకిది కొత్తా? తొలకరి పడ్డ రాత్రి దీపం కింద నీళ్ల పళ్లెం పెట్టి ఉసిళ్లు పట్టి, రెక్కలు చెరిగి, ఉప్పేసి వేయించుకు తినే ఊళ్లు తెలుగునాట ఇప్పటికీ ఉన్నాయి. ఉసిళ్లంటే రెక్కలొచ్చిన చెదలే. చెదలు బొద్దింకల వంశంలోనివేనని జీవశాస్త్రం ఇప్పుడు ఒప్పుకుంటోంది. ఆ వేపుడు ఏ ప్యాకెట్‌లోనూ రాదు కాబట్టి దాని మీద హెచ్చరిక ముద్రించేవాళ్లు ఉండరు. రొయ్యతో ఒకసారి మూతి వాచినవాళ్లు ఆ గుప్పెడు ఎవరైనా ఇస్తే మొహమాటపడకుండా వద్దనాలి.

రొయ్య నిజంగా పడనివాళ్లకి కబురు సాధారణంగా నిమిషాల్లో తెలుస్తుంది. పెదాలు దురద, ఒళ్లంతా దద్దుర్లు, గొంతు బిగుసుకోవడం, వాంతి, ఊపిరి ఆడకపోవడం, బీపీ పడిపోవడం. అప్పుడు పనికొచ్చేది తొడ కండరంలోకి అడ్రినలిన్ ఇంజెక్షన్. అలర్జీ మాత్ర దద్దుర్లకి సాయపడుతుంది గానీ ప్రాణం కాపాడదు. విదేశాల్లో జేబులో పెట్టుకు తిరిగే పెన్ను లాంటి ఇంజెక్షన్ మన మందుల షాపుల్లో అంత సులువుగా దొరకదు. కాబట్టి మూతి వాచగానే ‘కాసేపు చూద్దాం’ అనుకోకుండా దగ్గర్లోని ఆసుపత్రికి పరుగెత్తాలి.

తినకపోయినా...

రొయ్యని అందరికంటే ఎక్కువ దగ్గరగా చూసేవాళ్లు తినేవాళ్లు కాదు. పీలింగ్ షెడ్లలో తలలు తీసి, నరం లాగి, తొక్క ఒలిచే ఆడవాళ్లు. చేతులు మంచునీళ్లలో నాని పాసిపోవడం అందరికీ కనబడుతుంది. ఉడికించే చోట ఆవిరిలోనూ, నీళ్ల పైపులు జోరుగా కొట్టే చోట తుంపరలోనూ అదే ట్రోపోమయోసిన్ గాల్లోకి లేస్తుందన్నది కనబడదు. కెనడాలో పీతలు శుద్ధి చేసే కర్మాగారాల్లో 1980లలోనే పరీక్షించి చూస్తే, కార్మికుల్లో ప్రతి వందమందికీ సుమారు పదిహేను మందికి ఆ పని వల్లే ఆస్తమా వచ్చినట్టు తేలింది. అక్కడ దాన్ని వృత్తి వ్యాధిగా లెక్కిస్తారు.

ఇక్కడ దగ్గుతో వచ్చిన మనిషిని చలవ చేసిందా, దుమ్ము పడిందా అని అడుగుతారు. ఏ షెడ్డులో, ఏ వరసలో నిలబడి పని చేస్తోందో అడగటం తక్కువ. సెలవు రోజుల్లో దగ్గు తగ్గి, మళ్లీ పనికెక్కగానే మొదలవుతుంటే డాక్టరుకి ఆ మాట మనమే ముందుగా చెప్పాలి. ఉడికించే గది నుంచి తూకం వేసే గదికి పని మార్చినా కొందరికి ఊపిరి తేలికవుతుంది.